ఆదోని ఎక్స్ఛేంజిలో వినీ వినని ఉద్యోగం

మొన్న సెలవులకు మా చెల్లెలి మనవరాలు శ్రావ్య హైదరాబాదు నుంచి వచ్చి, తన కంప్యూటర్‌ను మా టీవీకి తగిలించి ఇంటిల్లిపాదికీ ఒక సినిమా చూపించింది. అందులో ఒక పెద్ద కంపెనీ అందరి ఫోన్లూ వింటూ ఉంటుంది. ఎవరు ఏం కొన్నారు, ఎవరికి ఏ జబ్బు, ఎవరి మొగుడు ఎవరితో మాట్లాడాడు, అన్నీ దానికి తెలుసు. సినిమా అయిపోయేసరికి మా మరిది తన ఫోన్ ఆపేసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. మా చెల్లెలు చెంపలు వేసుకుంది. నేనొక్కదాన్నే పకపకా నవ్వుతున్నాను.

"ఏందవ్వా, నీకు భయం కాలేదా?" అంది శ్రావ్య.

"భయమేంటికే? ఆ కంపెనీ చేసే పనే గదా నేను జీతం తీసుకొని చేసింది. ఆదోని ఊరంతా నా చెవిలోనే మాట్లాడేది" అన్నాను.

ఆ పిల్ల టీవీ ఆపేసి నా పక్కకొచ్చి కూర్చుంది. తను కూడా ఈ మధ్యే ఒక కంపెనీలో చేరింది. లక్షలమంది సమాచారం దాచిపెట్టే చోటంట. అక్కడ తనతోపాటు చేరిన పిల్లలందరికీ ఇలాంటి సినిమాలే చూపించి, జాగ్రత్తగా ఉండండి అని పాఠం చెప్పారట. "నువ్వు రాయవ్వా, మా వాళ్ళకు చదివి వినిపిస్తా" అంది. ఇంక నన్ను పట్టగలరా! ఆ రోజు నుంచి కాగితాలూ నేనూ. ప్రమోషన్లూ, బదిలీలూ, ఇంక్రిమెంట్లూ ఇందులో ఉండవు. వాటి గురించి రాస్తే నాకే నిద్రొస్తుంది. ఉద్యోగమంటే నిజంగా ఏమిటో మాత్రం రాస్తాను.

బోర్డు ముందు కూర్చోవడమంటే

డెబ్బైల్లో ఆదోనిలో ఫోన్‌కు నంబర్లు తిప్పే చక్రం లేదు. ఫోన్ ఎత్తితే ఎక్స్ఛేంజిలో మా ముందున్న నల్ల బోర్డు మీద ఆ నంబరున్న చిన్న రేకు రెక్క టప్పున కింద పడేది. మేము ఒక తీగ తీసి ఆ రెక్క కిందున్న రంధ్రంలో గుచ్చి "నంబర్ ప్లీజ్" అనాలి. వాళ్ళు అడిగిన నంబరు రంధ్రంలో ఇంకో తీగ గుచ్చి గంట కొట్టాలి. అంతే, ఇద్దరు మనుషులు కలిసిపోయారు! పొద్దున బజారు తెరిచే వేళకు రెక్కలు వరసగా టపటపా పడుతుంటే, అబ్బబ్బ, ఆ హుషారు నేను జన్మలో మరిచిపోలేను. రెండు చేతులూ సరిపోయేవి కావు. చెవికి పెట్టుకున్న హెడ్‌సెట్ ఒత్తుకుని కణత కమిలిపోయేది. ఇంటికి పోయి అన్నం తింటున్నా చేయి గాలిలో తీగ కోసం వెతికేది. మా అమ్మ "దీనికి గాలి సోకింది" అని దిష్టి తీసేది.

మంత్రాలయం దగ్గర బడిపంతులు కూతుర్ని నేను. ఇంట్లో ఫోన్ అనే వస్తువును చూసిందే లేదు. అలాంటిది, ఊరు ఊరంతా నా చేతి మీదుగా మాట్లాడుతోందంటే ఎంత గర్వం! జనం నంబర్లే అడిగేవాళ్ళా? "ఆలూరు బస్సు పోయిందామ్మా?" "డాక్టరు ఇంట్లో ఉండాడా, ఆస్పత్రిలో ఉండాడా?" "ఇప్పుడు టైమెంత తల్లీ?" అన్నీ మమ్మల్నే. ఈనాటి పిల్లలు అన్నీ ఫోన్‌ను అడుగుతారు చూడండి, అప్పట్లో ఆదోనికి ఆ పెట్టె మేమే.

అసలు సంగతి ఇక్కడుంది, పిల్లలూ. తీగలు గుచ్చడం కోతికైనా నేర్పవచ్చు. ఒక కాల్ కలిపాక అవతలివాళ్ళు మాట్లాడుతున్నారో లేదో, లైను బతికుందో చచ్చిందో తెలియాలంటే, బోర్డు మీదున్న కీ అనే చిన్న మీట తెరిచి మేము వినాలి. వినకపోతే పని జరగదు. వింటే వాళ్ళ బతుకులు మా చెవిలో పడతాయి. ఈ ఉద్యోగంలో ఉన్న కష్టమంతా ఆ చిన్న కీలోనే ఉంది.

మా సూపర్‌వైజర్ జుబేదా మేడం. సన్నగా, పొడుగ్గా, చేతిలో ఎప్పుడూ పెన్సిల్. సెలవు అడిగితే సొంత ఆస్తి అడిగినట్టు మొహం పెట్టేది. జ్వరమొస్తే కూడా "నోరు పనిచేస్తాంది గదా?" అనేది. ఆ విషయంలో ఆమెను నేను ఇప్పటికీ క్షమించలేదు. కానీ ఈ విద్య నేర్పింది ఆమే. నేను కీ తెరిచి కాస్త ఎక్కువసేపు ఉంచితే చాలు, వెనక నుంచి పెన్సిల్ వచ్చి వేళ్ళ మీద పడేది.

"ఊపిరి ఇనపడిందా? చాలు బేటీ. కీ మూసెయ్. ఊపిరి వరకే నీది. మాట వాళ్ళది."

ఊరికొచ్చిన సినిమా

ఎనభైలు మొదలైన రోజుల్లో ఆదోనికి ఒక సినిమా వచ్చింది. పేరు చెప్పను, మీకెందుకు. అందులో హీరోయిన్ మాలాగే టెలిఫోన్ ఆపరేటర్! ఓయమ్మ, ఆ వార్త తెలిసినప్పుడు మా ఎక్స్ఛేంజిలో ఎంత సందడి! మన మీద సినిమా తీశారంట అని మేమందరం పట్టుచీరలు కట్టుకొని మ్యాట్నీకి పోయాం. నా పక్కన మేరీ కూర్చుంది.

మేరీ గురించి చెప్పాలి. ఆలూరు వైపు పల్లె పిల్ల. అమ్మా నాయనా పత్తి తీసే కూలీలు. పాస్టరమ్మ చదివిస్తే చదువుకొని, వాళ్ళ వంశంలో మొదటి ఉద్యోగం తెచ్చుకుంది. ఇంకా పర్మనెంట్ కాలేదు. ఇద్దరు తమ్ముళ్ళు ఆ అమ్మాయి జీతం మీద బడికి పోతున్నారు. నాకంటే చిన్నది, నాకంటే తక్కువ మాట్లాడేది. నాకంటే తక్కువ మాట్లాడటం పెద్ద గొప్పేమీ కాదులెండి.

సినిమాలో హీరోయిన్ పెదాలకు రంగేసుకొని, వయ్యారంగా ఒరిగి కూర్చొని, ఊరి ఫోన్లన్నీ నవ్వుకుంటూ వింటుంది. ఒకరోజు దుర్మార్గుడు ఆనకట్ట పేల్చేద్దామని తన మనిషితో ఫోన్‌లో అంటాడు. ఈమె వింటుంది. పరుగెత్తుకుంటూ పోయి పోలీసులకు చెబుతుంది. ఊరు బతుకుతుంది. హాలంతా ఈలలు! నేల టికెట్టు వాళ్ళు తువ్వాళ్ళు ఎగరేశారు. నేనూ చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు ఎర్రబడ్డాయి.

మేరీ మాత్రం నా చెవిలో, "ఆయమ్మ కీ మూయనే లేదక్కా" అంది.

"ఊరుకోవే, ఊరు బతికింది చూడు" అన్నాను.

"ఈసారి బతికింది" అంది. నాకు విసుగొచ్చింది. సంతోషంగా సినిమాకొస్తే ఇదొకటి అనుకున్నాను.

మర్నాటి నుంచి మా బతుకు చూడండి. రెక్క పడితే చాలు, నంబరు అడగటానికి ముందే దండాలు. "ఆపరేటరమ్మా, నమస్కారం. ఇంటాండావు గదా? మా ఇంట్లో అంతా బాగుండారు, మీరూ బాగుండారా?" ఒక పెద్దాయన మాకు అర్థం కాకూడదని అన్నతో సంస్కృతం మొదలుపెట్టాడు, రెండో మాటకే ఇద్దరూ తికమక పడి ఫోన్ పెట్టేశారు. మా వీధి ఆడవాళ్ళు నన్ను కొళాయి దగ్గర పట్టుకొని, "సరోజక్కా, మా ఆయప్ప ఎమ్మిగనూరుకు ఎవురికి ఫోన్ చేస్తాడో ఒగ మాట సెప్పు" అని గుసగుస. "చెప్పకూడదు తల్లీ" అంటే, "అయితే ఏందో ఉండాది" అని ఏడుపు. ఏమీ లేదంటే చెప్పినట్టే, ఉందంటే మరీ చెప్పినట్టే. నవ్వొస్తుంది గానీ అప్పుడు నాకు తల పగిలిపోయేది.

తువ్వాలు కింద బేరం

మా ఆదోని పత్తి బజారులో బేరం నోటితో జరిగేది కాదు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా నిలబడి చేతుల మీద తువ్వాలు కప్పుకుంటారు. దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టి నొక్కుతారు. ఏ వేలు పట్టారో, ఎన్ని పట్టారో, అదే ధర. చుట్టూ జనం మూగి చూసినా ఒక్కరికి ఒక్క ముక్క తెలియదు. ఇద్దరి మొహాలు రాళ్ళలా ఉంటాయి. తువ్వాలు తీశారంటే బేరం అయిపోయిందన్నమాట. ఇంత గుట్టు ఈనాటి బ్యాంకుల్లో కూడా లేదని నా అభిప్రాయం.

ఈ తువ్వాలు బేరంలో ఆరితేరినవాడు కమీషన్ మండీ బసప్ప. పెద్ద మీసాలు, పెద్ద పొట్ట, ఇంకా పెద్ద గొంతు. పొద్దున్నే బొంబాయి మిల్లువాళ్ళతో ట్రంకు కాల్ మాట్లాడి ధర తెలుసుకొని, తన మనుషుల్ని పల్లెలకు పంపి పత్తి కొనేవాడు. ఎమ్మిగనూరులో పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు యజమాని ఒకాయన ఈయనకు పోటీ. ఆ మిల్లాయన బొంబాయి కాల్ కూడా మా బోర్డు మీదుగానే పోయేది. ఇద్దరూ కన్నడం కలిసిన తెలుగులో తిట్టుకోవడం మొదలుపెడితే రెండు భాషలూ సరిపోయేవి కావు.

సినిమా వచ్చిన వారంలోనే బసప్ప భార్య గౌరమ్మ మా ఇంటికొచ్చింది. నిమ్మకాయంత బొట్టు, చంకలో తువ్వాలు. పిలిచి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను.

"సరోజమ్మా, నువ్వు నోరు ఇప్పాల్సిన పనే లేదు. సెప్పకూడదని మీకు రూలుండాది గదా. వేళ్ళకు రూలు లేదంట. మా ఆయప్ప అడగమన్న్యాడు."

"ఏం అడగమన్నాడు గౌరమ్మక్కా?"

"ఎమ్మిగనూరు మిల్లాయప్పకు బొంబాయోళ్ళు ఏం ధర సెప్పినారో. ఆయప్పే వద్దామనుకున్న్యాడు. మొగోడు ఆడమనిషి చెయ్యి పట్టుకుంటే బాగుండదని నన్ను పంపించినాడు." అని తువ్వాలు మా ఇద్దరి చేతుల మీదా కప్పేసింది.

నా సామిరంగా! నాకు కోపమొచ్చిందో నవ్వొచ్చిందో నాకే తెలియలేదు. తువ్వాలు కింద చెయ్యి పెట్టి గట్టిగా గిల్లాను.

"అబ్బా! ఇది ఏం ధరమ్మా?" అంది చెయ్యి లాక్కుంటూ.

"దీని పేరు సిగ్గు. మీ ఆయప్పకు ఇదే ధర సెప్పు."

ఆమె ఒక్క క్షణం చూసి, పొట్ట పట్టుకొని నవ్వింది. "సెప్తాలే" అంటూ మజ్జిగ తాగి పోయింది. మంచి మనిషి, పాపం. మొగుడు పంపిస్తే వచ్చింది.

మేరీ మీద పడ్డ నింద

కొన్నాళ్ళకు బసప్ప వ్యాపారం తలకిందులైంది. బొంబాయి నుంచి ఆయనకు ధర వచ్చిన పొద్దు, ఆయన మనుషులు ఆలూరు పల్లెలకు చేరేలోగా ఎమ్మిగనూరు మిల్లు లారీ అక్కడ నిలబడి ఉండేది. ఆయన ఇద్దామనుకున్న ధర మీద ఒక పిసరు ఎక్కువిచ్చి పత్తి ఎత్తుకుపోయేవాళ్ళు. ఒక రోజు కాదు, వరసగా. తను దొంగైతే ఊరంతా దొంగలే కదా! "నేను అడిగితే గిల్లినారు, వాడు అడిగితే సెప్పినారు" అని బజారులో అరిచాడు. కర్నూలులో ఉన్న మా పై ఆఫీసుకు ఫిర్యాదు రాశాడు. పొద్దుటి డ్యూటీలో బొంబాయి లైను మీద కూర్చున్నది మేరీ. ఫిర్యాదులో మేరీ పేరే ఉంది.

విచారణకు కర్నూలు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. జుబేదా మేడం గదిలో మేరీని నిలబెట్టి అడిగాడు. సీనియర్ని కాబట్టి నన్ను కూడా పిలిచారు.

"చూడమ్మా, ప్రతి కాల్‌కూ మీరు రాసే టికెట్ల మీద ఎవరు ఎవరికి కాల్ చేశారో ఉంది. పొద్దున పూట ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు సగం బజారు మాట్లాడుతోంది. వాళ్ళు ఏం మాట్లాడారో టికెట్ మీద ఉండదు. కీ తెరిచినప్పుడు ఏదో ఒకటి నీ చెవిన పడే ఉంటుంది. ఆ మిల్లాయనకు ఎవరు చెబుతున్నారో చెప్పు. చెబితే నీ మీద కేసు లేదు."

"లైను సూసేదానికి కీ తెరుస్తా సార్. మాట సెప్పను."

"సినిమాలో ఆ అమ్మాయి చెప్పలేదా? ఊరంతా మెచ్చుకుంది కదా?" అన్నాడు నవ్వుతూ. ఆయన కూడా చూశాడన్నమాట!

మేరీ నవ్వలేదు. "ఇన్న మాట సెప్తే, ఇన్నట్లే గదా సార్" అంది.

ఆయనకు చిర్రెత్తింది. "నువ్వు పర్మనెంట్ కూడా కాదు. నేను ఒక్క ముక్క రాస్తే ఇంటికే. ఎల్లుండి నేను పోయేలోపు చెప్పు" అని లేచిపోయాడు. జుబేదా మేడం పెన్సిల్ బల్ల మీద పెట్టేసి కిటికీలోంచి చూస్తూ నిలబడింది. ఆ చేతిలో పెన్సిల్ లేకుండా ఆమెను నేను చూడటం అదే మొదటిసారి.

మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకున్నాం. నేను నా గిన్నె పక్కకు నెట్టి మేరీ వైపు తిరిగాను.

"నిజం చెప్పు. ఏమైనా విన్నావా?"

"ఒగ మాట సెవిలో పడిందక్కా. పడకుండా యాడ పోతాది?"

"అది చెబితే నువ్వు బయటపడతావా?"

"పడతా."

"మరి చెప్పవే మొండిదానా! మీ అమ్మ ఎండలో పత్తి తీస్తాంది. నీ తమ్ముళ్ళు బడి మానేస్తే మళ్ళీ పోతారా? నువ్వు కూడా పోయి ఆ చేన్లో వంగుతావా? ఎవడో దొంగ కోసం?"

మేరీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భయం లేక కాదు, చాలా భయపడింది. "దొంగ కోసం కాదక్కా. ఈపొద్దు దొంగ మాట సెప్పమంటారు, సెప్తాను. రేపు ఇంగొగరిది సెప్పమంటారు. సెప్పే మనిషని తెలిసినాక అడగకుండా ఉంటారా? ఇంగ ఈ ఊర్లో ఎవురు ఫోన్ ఎత్తుతారు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మంచితనానికీ ఒక హద్దుండాలి అని తిట్టాను. కానీ ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

బజారులో విన్నది

మర్నాడు నాకు మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున కూరగాయలకని బయలుదేరాను. బుర్రలో మేరీ తప్ప ఏమీ లేదు. పత్తి బజారు మీదుగా పోతుంటే బసప్ప మండీ ముందు ఆయనా ఒక రైతూ తువ్వాలు కింద బేరమాడుతున్నారు. నిశ్శబ్దం. ఈగ వాలితే వినపడుతుంది. అంతలో మండీలో ఫోన్ మోగింది. బసప్ప తువ్వాలు విసిరేసి లోపలికి దూకాడు.

అప్పట్లో ట్రంకు లైనులో బొంబాయి గొంతు బావిలోంచి వచ్చినట్టుండేది. అందుకని అందరూ అరిచేవాళ్ళు. బసప్ప అరిస్తే? ఆదోని కొండకు తగిలి తిరిగొచ్చింది! "ఆఁ? ఎంత? ఎంతంటివి సేటూ?" అని, అవతలాయన చెప్పిన ధరను తిరిగి అప్పజెప్పాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. పత్తి రకంతో సహా. ఎంతవరకు పెట్టి కొనవచ్చో అదీ అరిచాడు. ఆ ధర ఎంతో మీకు చెప్పను. నేను విన్నాను కాబట్టి చెప్పను.

నేను నడిరోడ్డులో కొయ్యబారిపోయాను. మూటల మీద కూర్చున్న హమాలీలు ఆ ధరను నోట్లోనే వల్లిస్తూ నవ్వుతున్నారు. ఎదురుగా టీ హోటల్లో గ్లాసు కింద పెట్టి ఒకాయన చకచకా సైకిలెక్కి ఫోనున్న కొట్టు వైపు పోయాడు. పిల్లి కళ్ళు మూసుకొని పాలు తాగుతూ ఎవరూ చూడలేదనుకుంటుందని విన్నాను. ఈ పిల్లి పాలు తాగుతూ ఊరందరినీ పేరుపేరునా పిలుస్తోంది!

సంచీ, వంకాయలు ఏమయ్యాయో నాకు తెలియదు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని ఎక్స్ఛేంజికి పరుగో పరుగు. సినిమాలో హీరోయిన్ కూడా అంత పరుగెత్తలేదు. "మేడం! మేడం! దొంగ దొరికినాడు!" అన్నాను ఆమె గది తలుపు మూసి, రొప్పుతూ.

"ఎవరు?"

"బసప్ప నోరు!"

జుబేదా మేడం నన్ను ఎగాదిగా చూసింది. విషయం విన్నాక ఆమె మొహం మీద వచ్చిన నవ్వు, అన్నేళ్ళలో ఆమె ఇవ్వని సెలవులన్నిటికీ సరిపోయింది. ఆఫీసరును ఒప్పించడమే కష్టమైంది. "నేను విచారణకు వచ్చానమ్మా, బజారులో షికారుకు కాదు" అన్నాడు. "సార్, పోయే ముందు ఒక్క టీ తాగి పోండి, నేనిప్పిస్తాను" అన్నాను.

ఆ మరునాడు పొద్దున ఆయనా, మేడమూ, నేనూ బసప్ప మండీ ఎదురుగా టీ హోటల్ బెంచీ మీద కూర్చున్నాం. మేరీ ఎప్పటిలాగే బోర్డు మీద ఉంది. మేము ఎక్కడికి పోయామో ఆ పిల్లకు తెలియదు. తెలిస్తే, ఇదీ పొంచి వినడమే గదక్కా అని ఒప్పుకునేది కాదని నా భయం. మండీలో ఫోన్ మోగింది. బసప్ప ఎత్తాడు. ఇంక చూడండి! ఆఫీసరు చేతిలో టీ తొణికింది. బసప్ప గొంతు రోడ్డు దాటి, హోటల్ దాటి, వెనక వీధిలోకి పోయింది.

"ఇది... రోజూ ఇట్లేనా?" అని పక్కనున్న హమాలీని అడిగాడు ఆఫీసరు.

"రోజూ ఇంతే సార్. మా అయ్య గొంతుకు ఫోనేంటికి, ఈడ్నించి అరిసినా బొంబాయోళ్ళకు ఇనపడతాదని మేమంటాంటాం."

ఆఫీసరు నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. కళ్ళు తుడుచుకుంటూ రోడ్డు దాటి మండీలోకి పోయి, బసప్ప ఇంకా ఫోన్ పెట్టకముందే ఆ ధర ఆయనకే అప్పజెప్పాడు. బసప్ప మొహం చూడాలి! "మీకెవురు సెప్పినారు?" అన్నాడు.

"మీరే" అన్నాడు ఆఫీసరు.

మొగుడికి సద్ది తెచ్చి వెనక నిలబడ్డ గౌరమ్మ ఆయన్ను చూసి, "తువ్వాలు సేతుల మీద గాదు, నోటి మీద కప్పుకోవల్ల" అని ఒక్కటే మాట అంది. బజారంతా గొల్లుమంది. మేరీ మీద ఫిర్యాదు అక్కడికక్కడే పోయింది. ఆ సంవత్సరమే ఆ పిల్ల పర్మనెంట్ కూడా అయింది.

మీకు చెప్పదలచుకున్నది

పిల్లలూ, ఇన్ని సినిమాలు చూశాను. పాత సినిమాలో విన్నది చెప్పినామె దేవత. కొత్త సినిమాలో విని దాచిన కంపెనీ దెయ్యం. రెండిటిలోనూ నాకు నచ్చనిది ఒక్కటే: కీ మూసేవాళ్ళు ఎవరూ లేరు. మూయడం సినిమాగా తీస్తే ఎవరు చూస్తారు? ఏమీ జరగదు కదా! కానీ ఏమీ జరగకుండా చూడటమే మా పని. మీ కంపెనీల్లో యంత్రాలు వింటాయంటున్నారు. విననీయండి. యంత్రం వెనక కూర్చున్నది మీరే కదా. తెరవడం ఎంతవరకో, మూయడం ఎప్పుడో, అది తెలియకపోతే ఎంత చదువుకున్నా మీరు ఊరికి చెరుపు చేసేవాళ్ళే. నాకు కోపమొస్తే ఇలాగే మాట్లాడతాను, ఏమనుకోకండి.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆ గొడవ జరిగిన తర్వాత ఎండాకాలం. బసప్పా గౌరమ్మా ఇద్దరూ మా ఎక్స్ఛేంజికే వచ్చారు. అక్కడ జనం వచ్చి మాట్లాడుకోవడానికి తలుపున్న చిన్న గది ఉండేది. ఇంట్లో ఫోన్ ఉంది, మండీలో ఫోన్ ఉంది. అవి వదిలి ఇంత దూరం ఎందుకొచ్చారా అనుకున్నాను. ఇద్దరి మొహాల్లో నెత్తురు చుక్క లేదు. గౌరమ్మ కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"రాయవేలూరు పెద్దాస్పత్రికి ఒగ కాల్ కావల్ల" అన్నాడు బసప్ప. ఆ పెద్ద గొంతు యాడ పోయిందో, నేను ముందుకు వంగి వినాల్సి వచ్చింది.

"ఇప్పుడే బుక్ చేస్తాను, కూర్చోండి."

"ఆ పిల్ల ఉండాదా? మేరీ?"

"లేదు, మధ్యాహ్నం వస్తుంది. నేను కలుపుతాను కదా."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నీ మీద నమ్మకం లేక గాదు సరోజమ్మా. ఆయమ్మే కలపల్ల. వచ్చేదాక కూసుంటాం."

అర్జెంటు కాల్ కోసం వచ్చిన మనుషులు, ఆ ఎండలో, ఫ్యాను లేని వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయారు. నీళ్ళిస్తే తాగలేదు. నాకు మనసులో కాస్త చివుక్కుమంది, ఎందుకు అబద్ధం చెప్పాలి. మేరీ వచ్చింది. బసప్ప లేచి నిలబడ్డాడు. కూలీవాళ్ళ పిల్ల ముందు మండీ బసప్ప లేచి నిలబడ్డాడు. మేరీ ఏమీ అడగలేదు. హెడ్‌సెట్ పెట్టుకొని లైను కలిపి, వాళ్ళిద్దర్నీ గదిలోకి పంపింది.

నేను పక్క బోర్డు మీదే ఉన్నాను. కీ తెరిచింది. విన్నది. మూసేసింది. గది తలుపు అద్దంలోంచి గౌరమ్మ కొంగు నోట్లో కుక్కుకోవడం కనిపిస్తోంది. నాకు ప్రాణం ఆగలేదు. మా ఇద్దరి మధ్యా దాపరికం ఏముందిలే అనుకున్నాను.

"ఏమైందే వాళ్ళకు?" అన్నాను మెల్లగా.

మేరీ ఇంకో రెక్క పడితే తీగ అందుకుంటూ, "లైను బాగుందక్కా" అంది.